తీరం దాటితే గండం గడిచినట్టేనా?

సందేహం: ‘వాయుగుండం తీరం దాటింది’ అని టీవీలో చెప్పగానే ఇక భయం లేదనుకుని మా ఇంట్లోవాళ్లు తూపిలిపాళెంలో సముద్రస్నానానికి బయలుదేరబోయారు. దాటడమంటే నేలమీదికి రావడమని మా అబ్బాయి ఆపాడు. ఎవరి అర్థం సరైనది? తుపాను అనాలా, తుఫాను అనాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ అబ్బాయి చెప్పిందే సరైనదమ్మా. అట్లాగని మిగిలినవాళ్లను తప్పుపట్టలేం. ‘దాటు’ అనగానే మనకు గట్టెక్కడమే స్ఫురిస్తుంది. గండం దాటిందంటాం, ఏరు దాటాక తెప్ప తగలేశాడంటాం. అక్కడ దాటేది మనిషి. ఇక్కడ దాటుతున్నది వాయుగుండం, అది ఎక్కే గట్టు మనమున్న నేల.

ఈ క్రియ దిక్కు చెప్పదు. ‘గడప దాటి వీధిలోకి వెళ్లాడు’, ‘గడప దాటి లోపలికి వచ్చాడు’ రెండూ తెలుగే. వెళ్లడమో రావడమో పక్క క్రియ చెప్పాలి. వార్తల్లో ఆ పక్క క్రియే రాలిపోతోంది. వాతావరణ శాఖ లెక్కలో తీరం దాటడమంటే వాయుగుండం కేంద్రం నేలమీదికి రావడం. ఆ తర్వాత సముద్రపు తేమ అందక గాలి తగ్గుతుంది. వాన మాత్రం వెంటనే తగ్గాలని లేదు.

మనకు ఇది మరీ ముఖ్యం. మన తూర్పు తీరంలో వాయుగుండం దాటినచోటికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేలకు వీస్తుంది. చెన్నై దగ్గర దాటితే ఆ ఉత్తరాన ఉన్నది పులికాట్, తూపిలిపాళెం, శేషాచలం. తేమగాలి కొండకు తగిలి పైకి లేచి అక్కడే కురుస్తుంది. 2021 నవంబరు 19 వేకువన ఒక వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ తీరం దాటింది. ముందురోజే తిరుపతి వీధులు మునిగాయి. రాయలచెరువు కట్టకు ప్రమాదం వచ్చి ఊళ్లు ఖాళీ చేయించింది మాత్రం అది దాటాకనే.

అది తుపాను కూడా కాదు, వట్టి వాయుగుండం! ఈ పేర్లు గాలిని బట్టి పెట్టినవి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 62కు చేరితే తుపాను. వాన సంగతి తెలియాలంటే ‘భారీ’, ‘అతి భారీ’ అన్న విశేషణాలు వినాలి. రోజుకు 115.6 మిల్లీమీటర్లకు చేరితే అతి భారీ. కొండెక్కబోయే యాత్రికులు పట్టించుకోవలసింది వీటినే.

విలేకరులకు నా విన్నపం ఒకటే. ‘తీరం దాటి నేలమీదికి వచ్చింది’ అని రాయండి, చదవండి. రెండు మాటలే ఎక్కువవుతాయి. బస్టాండులో, అలిపిరిలో చేసే ప్రకటనల్లోనైతే ఇది తప్పనిసరి. అక్కడ వినేది మన వానలు ఎరగని పొరుగూరివాళ్లు.

తుపాను, తుఫాను రెండూ వాడుకలో ఉన్నవే, ఏది రాసినా తప్పు లేదు. అరబ్బీ, పారశీకాల మీదుగా మనకు చేరిన మాట అది.

ఇక మీ సముద్రస్నానం. తీరం దాటిన మర్నాడు కూడా అలల పోటు ఉండవచ్చు. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్న వాక్యం హెచ్చరికలో ఉన్నన్నాళ్లూ నీళ్లలో దిగకండి.