నెల్లూరు ఎండల్లో ఊలు అల్లితే ఎవరు వేసుకుంటారు?

మీరు రెండు అడిగారు. నెల్లూరు లాంటి ఊళ్లో ఊలు అల్లడం నేర్చుకుంటే ఉపయోగం ఉందా, అల్లినవి ఎవరికి ఇస్తాం అని ఒకటి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ ఊలు కొనాలి అని రెండోది.

మొదటిదానికి జవాబు, ఉంది. బాగా ఉంది. మా ఇంటికి ఎవరొచ్చినా "ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారతా ఉంటే ఒళ్లో ఆ ఊలేంది తల్లీ" అంటారు. అనే ఆ మనిషే కార్తీకం వెళ్లీవెళ్లగానే చెవులకి మఫ్లరు చుట్టుకుని పాల ప్యాకెట్టుకి పోతుంటాడు. నన్నడిగితే సిమ్లావాళ్ల కన్నా మనకే చలెక్కువ. వాళ్లకది అలవాటు, మనకి ఇరవై డిగ్రీలకి దిగితే చాలు, రాత్రి బస్సులో కిటికీలన్నీ మూసేసి మంకీ క్యాపులు బయటికి తీస్తాం. పైగా ఇప్పుడు ఏసీలొచ్చాయి. రైల్లో ఏసీ, ఆఫీసులో ఏసీ, ఆడపిల్లలు నడిఎండాకాలంలో చున్నీ కప్పుకుని పనిచేస్తున్నారు. అందుకని వాతావరణం చూసి వెనక్కి తగ్గొద్దు. చూడాల్సింది మనం ఎవరికి ఇస్తున్నామో ఆ మనిషిని. ఆ మనిషి ఎన్నింటికి లేస్తాడు, ఎక్కడ తిరుగుతాడు, వాళ్లింట్లో బట్టలు ఎట్టా ఉతుకుతారు, ఇవి తెలియకుండా ఎవరికీ ఏమీ అల్లకండి. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను వినను.

మా చిన్నమామకి మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలు పెంచేవాళ్లకి తెలుసు, గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్ట. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అది కూడా పీల్చుకోవడమే. కాబట్టి రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే మిషన్లు, తిరుగుతూ ఉండాలి, మనిషి కాపలా ఉండాలి. డిసెంబరులో ఆ వేళకి సముద్రం మీదనుంచి వచ్చే గాలి ఎట్టా ఉంటుందో గుంట గట్టు మీద నిలబడినవాళ్లకే తెలుస్తుంది. అత్త బజార్లో మంచి మందపాటి మంకీ క్యాపు కొనిచ్చింది. మామ దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతాడు గానీ తలకి పెట్టడు. పండక్కి వెళ్లినప్పుడు ఎందుకు మామా అని అడిగితే, "అది పెట్టుకుంటే చెవులు మూసుకపోతాయి అమ్మణ్ణీ. ఆరు ఏరియేటర్లు తిరగతా ఉంటే ఒక శబ్దం, ఒకటి ఆగితే ఇంకో శబ్దం. కునుకు పట్టినా ఆ తేడాకే నాకు మెలకువొచ్చేది. అది వినపడకపోతే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలతాది, ఎట్టా?" అన్నాడు.

ఇట్టాంటిది ఏ షాపువాడికి తెలుస్తుంది చెప్పండి! ఇంటికొచ్చి ఆ రోజే మొదలుపెట్టాను. మెడ దగ్గర రిబ్బు, అంటే రెండు కుట్లు నిట్ (సూటి కుట్టు), రెండు కుట్లు పర్ల్ (తిరగేసిన కుట్టు) అల్లుకుంటూ పోతే వచ్చే నిలువు చారల అల్లిక, సాగి మళ్లీ దగ్గరికొస్తుంది కాబట్టి గాలి దూరదు. నుదురు, నడినెత్తి మామూలు అల్లిక. చెవుల దగ్గరికొచ్చేసరికి మాత్రం కన్నాలు. దారం ఒకసారి సూది మీదికి వేసుకుని, పక్కనున్న రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లితే కన్నం పడుతుంది, కుట్ల లెక్క మారదు. లేసు శాలువాల్లో అందం కోసం చేసే పనే ఇది. నేను అరచేతి వెడల్పున, ఒక వరస వదిలి ఒక వరస అట్టా కన్నాలు వేసుకుంటూ పోయాను. చెవికి గాలి నేరుగా తగలదు, శబ్దం మాత్రం లోపలికొస్తుంది. రంగు బురద రంగు. అది ఆయన కోరికే, మరకలు కనపడకూడదంట.

ఊలు ఏది వాడానంటే, మామూలు అక్రిలిక్, అంటే ఫ్యాక్టరీలో చేసే కృత్రిమ దారం. ఇక్కడ కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. అసలు గొర్రె ఊలు తడిసినా వెచ్చగానే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని వేడినీళ్లలో వేసి రుద్దితే ముడుచుకుపోయి అట్టకడుతుంది. మా అత్త అన్ని బట్టలూ కలిపి మిషన్లో వేసే మనిషి, ఆమెకి పోయి 'అత్తా, దీన్ని మటుకు విడిగా చల్లనీళ్లలో' అని చెప్పే ధైర్యం నాకు లేదు. కాటన్ అయితే మంచుకి నీళ్లు పీల్చుకుని బరువెక్కి చల్లగా తలకి అంటుకుంటుంది. అక్రిలిక్ తొందరగా ఆరుతుంది, మిషన్‌కి తట్టుకుంటుంది. ఇప్పుడా క్యాపు మోటరు షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉంటుంది, రొయ్యల మేత వాసన కొడుతుంది. పక్క గుంటాయన కూడా తనకొకటి కావాలన్నాడు. ఆయనకి అల్లలేదు, ఎందుకో కింద చెప్తాను.

రెండో ప్రశ్న. మన దగ్గర 'ఊలు' అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం గొర్రె మొహం చూడనిది. లేబుల్ మీద వంద శాతం అక్రిలిక్ అని రాసే ఉంటుంది, మనం చదవం. లేబుల్ లేని ఉండ చేతికొస్తే చిన్న ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతే గొర్రె ఊలు. కాగితం కాలిన వాసనొస్తే కాటన్. కరిగి నల్లటి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. అందుకే అక్రిలిక్‌తో మసిగుడ్డలు అల్లకండి, వేడి గిన్నె పట్టుకుంటే అది కరిగి చేతికే అంటుకుంటుంది. మసిగుడ్డకి కాటనే.

అన్నట్టు, నెల్లూరు గొర్రె దేశమంతా పేరున్న జాతి కదా, ఇక్కడే ఊలు చవగ్గా దొరకదా అని బెంగుళూరులో ఒకావిడ నన్ను అడిగింది. మన గొర్రెకి ఊలు ఉండదు తల్లీ! పల్ల, జోడిపి, దొర, ఏ రకం తీసుకున్నా ఒంటి మీద పొట్టి వెంట్రుకలే. ఈ ఎండల్లో దానికీ స్వెట్టరు బరువే మరి. మన గొర్రె పొడుగుకీ మాంసానికీ పేరు. అల్లే ఊలు రావాల్సింది లూధియానా నుంచే.

నాకు ఎక్కువ ఇష్టమైంది మాత్రం కాటన్. రోహిణి కార్తెలో అక్రిలిక్ ఒళ్లో పెట్టుకుంటే అరచేతులు చెమటపట్టి దారం అల్యూమినియం సూదులకి పట్టుకుంటుంది, కుట్టు జరగదు. ఆ రోజుల్లో వెదురు సూదులు, కాటన్ దారం, అంతే. ఎండ ఊళ్లలో అల్లిక ఏంటనేవాళ్లు నరసాపురం వైపు చూడాలి. అదీ సముద్రం పక్క ఊరే, ఉక్కపోతే, అయినా కాటన్ దారంతో తరాలుగా ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు, 2024లో జీఐ, అంటే ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది కొక్కెం సూదితో చేసే క్రోషే, నేను చేసేది రెండు సూదుల పని. ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది, మా ఆఫీసులో ఇప్పటికీ నన్ను "లేసులావిడ" అనే అంటారు. కాటన్‌తో ఒక్క తంటా, అది సాగితే వెనక్కి రాదు. రిబ్బు అల్లినా రెండు ఉతుకులకి జారిపోతుంది. స్వెట్టరు అంచుకి పనికిరాదు, సంచులకీ పసిపిల్లల దుప్పట్లకీ బాగుంటుంది.

పసిపిల్లలకి ఇచ్చేదైతే ఇంకో మాట. నూగు లేచే ఊలు వద్దు, వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. పెద్ద కన్నాలున్న లేసు డిజైను వద్దు, చిటికెన వేలు ఇరుక్కుంటుంది. గడ్డం కింద ముడేసే తాళ్లు అసలే వద్దు. మెత్తటి టోపీ ఒకటి అల్లివ్వండి చాలు. బారసాలకి వచ్చే వెండి గిన్నెలు బీరువాలోకి పోతాయి, టోపీ ఆ రాత్రికే బిడ్డ నెత్తిమీద ఉంటుంది.

ఇప్పుడు పక్క గుంటాయన సంగతి. "నువ్వు ఖాళీనేగా, నాకూ ఒకటి అల్లు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఖాళీ ఏంటండీ, నేను ఉద్యోగం చేసి, వంట చేసి, రాత్రి కళ్లు లాగుతుంటే అల్లుతాను. ఊలు ఖర్చు ఇస్తామంటారు, అదేదో ఉపకారం చేసినట్టు. "రోడ్డు పక్క మూడొందలకి స్వెట్టరు వస్తుంది కదా" అని కూడా వాళ్లే అంటారు. వస్తుంది, పోయి కొనుక్కోండి! అల్లివ్వడం నా ఇష్టం మీద జరగాలి, ఆర్డరు మీద కాదు.

ఇంకో కోపం షాపులమీద. చిన్నబజార్లో ఒక ఫ్యాన్సీ స్టోరాయన ఒకే రంగు అని ఉండలిచ్చాడు, ఇంటికొచ్చి వెలుగులో చూస్తే రెండు లాట్లు, అంటే వేరువేరు విడతల్లో రంగు వేసినవి. ట్యూబులైటు కింద తెలియదు, ఎండలో సగం ఒక ఛాయ, సగం ఇంకో ఛాయ. అడిగితే "ఉతికితే కలిసిపోతుంది మేడమ్" అన్నాడు. ఏ ఉతుకుకీ కలవదు. లేబుల్ మీద లాట్ నంబరు ఉంటుంది, అన్ని ఉండల మీదా అదొకటే ఉందో లేదో అక్కడే చూసుకోండి, పైగా ఒక ఉండ ఎక్కువే తెచ్చుకోండి.

సూదులు నాలుగు మిల్లీమీటర్లవి కొనండి. షాపులో ఎనిమిదో నంబరు అంటారు. మన నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికావాళ్ల వీడియోల్లో దానికి తలకిందులు. వాళ్ల ఎనిమిది అంటే అయిదు మిల్లీమీటర్లు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లే అడగండి. మొదట కాటన్‌తో రెండు మసిగుడ్డలు అల్లండి, వంకర పోయినా వంటింట్లో ఎవరూ చూడరు. ఇంకొక్కటి, చేయి తిరిగాక కూడా ఊలుతో గుమ్మానికి తోరణాలు, టీవీ మీదికి కవర్లు మాత్రం అల్లకండి. మా అమ్మ అల్లిన ఎర్ర తోరణం దుమ్ము దులిపేది ఇప్పటికీ నేనే.