టెక్ సందేహాలు: డాట్ డీబీ ఫైల్‌లో చిక్కుకున్న లెక్కలు

ప్రశ్న: పాడైన ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో, నేను ఏళ్ల తరబడి ఖర్చులు రాసుకున్న యాప్ ఫోల్డర్ దొరికింది. ఆ యాప్ ఇప్పుడు ఎక్కడా లేదు. ఫోల్డర్‌లో పేరు చివర డాట్ డీబీ (.db) అని ఉన్న ఫైల్ ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎక్సెల్‌లోకి మార్చుకునే దారి ఉందా?

జవాబు: చాలావరకు ఉంటుంది, టెన్షన్ పడకండి. ముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో చోటికి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయండి. నోట్‌ప్యాడ్‌లో చూడటం వల్ల నష్టమేమీ లేదు కానీ, పొరపాటున సేవ్ కొడితే ఫైల్ పాడైపోతుంది.

డాట్ డీబీ అన్న పేరును బట్టి లోపల ఏముందో తేల్చలేం. ఏ ప్రోగ్రామ్ అయినా తన ఫైల్‌కి ఆ పేరు పెట్టుకోవచ్చు. అసలు గుర్తు ఫైల్ మొదట్లోనే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో మొట్టమొదటి పదాలు చూడండి. ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ అని ఇంగ్లిష్‌లో కనిపిస్తే అది ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంటే సమాచారాన్ని టేబుల్స్‌గా ఒకే ఫైల్‌లో దాచే రకం. ‘స్టాండర్డ్ జెట్ డీబీ’ అని ఉంటే పాత మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్, ‘స్టాండర్డ్ ఏస్ డీబీ’ అని ఉంటే యాక్సెస్ 2007 నుంచి వచ్చిన రకం. నా అంచనా మొదటిదే. 2000లో రిచర్డ్ హిప్ తయారుచేసిన ఎస్‌క్యూలైట్‌ను ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ వాడుతున్నాయి. చిన్న యాప్‌లు రాసేవాళ్లు కూడా ఎక్కువగా దాన్నే ఎంచుకుంటారు.

అదే అయితే ‘డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్’ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. అయితే తెరిచే ముందు ఒకటి చూసుకోవాలి. అదే పేరుతో, చివర ‘-వాల్’ (-wal) అని ఇంగ్లిష్‌లో ఉన్న ఫైల్ పక్కన ఉందా? ఉంటే దాన్ని డీబీ ఫైల్ నుంచి విడదీయకండి. చివరగా రాసిన ఎంట్రీలు ఇంకా అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. డీబీ ఫైల్ ఒక్కటే తెచ్చుకుని, చివరి నెల లెక్కలు పోయాయని బాధపడేవాళ్లు ఉన్నారు.

తెరిచాక ‘బ్రౌజ్ డేటా’లో టేబుల్స్ కనిపిస్తాయి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరవగలిగే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా తీసుకోండి. ఒక్క ఖర్చుల టేబుల్‌తో ఆపకండి, అన్నీ తీసుకోండి. ఎందుకంటే ఖర్చు పక్కన ‘కిరాణా’ అని కాకుండా 3 అనో 7 అనో ఉండే అవకాశం ఎక్కువ. ఆ 3 అంటే ఏమిటో చెప్పేది వేరే టేబుల్.

తేదీల దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. 1700000000 లాంటి పది అంకెల సంఖ్య కనిపిస్తే డేటా పాడైందనుకోకండి. అది 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఎక్సెల్‌లో దాన్ని 86400తో భాగించి 25569 కలిపి, ఆ సెల్‌కి డేట్ ఫార్మాట్ ఇస్తే 2023 నవంబర్ 14 అని వస్తుంది. పదమూడు అంకెలుంటే అవి మిల్లీసెకన్లు, ముందు 1000తో భాగించండి. వచ్చే సమయం యూటీసీలో, అంటే మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదున్నర లోపు ఎంట్రీల తేదీ ఒక రోజు వెనక్కి కనిపించవచ్చు.

సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు, నంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, అక్షరాల రకం దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. సున్నాలతో మొదలయ్యే కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే లోడ్ చేయండి.

ఫైల్ మొదటి నుంచి చివరిదాకా చదవగలిగే పదం ఒక్కటీ లేకపోతే, యాప్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్టు రహస్య రూపంలోకి మార్చి ఉండొచ్చు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ లేదా కీ కావాలి. ఏ పరిస్థితిలోనూ ఆన్‌లైన్ కన్వర్టర్ సైట్లలోకి దీన్ని ఎక్కించకండి. మీ ఇంటి లెక్కలన్నీ తెలియని వాళ్ల చేతిలో పెట్టినట్టే.

ప్రశ్న: ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రామ్‌లో తయారైన డీబీఎఫ్ ఫైల్‌ను మెయిల్‌లో పంపించారు. తెరుచుకుంది, కానీ వివరణ కాలమ్‌లో రాసిన మాటలు రావడం లేదు.

జవాబు: మీకు సగమే అందింది. పొడవైన రాత డీబీఎఫ్‌లో ఉండదు, ఎక్కడ వెతకాలో చెప్పే నంబర్ మాత్రమే ఉంటుంది. అసలు మాటలు అదే పేరుతో ఉన్న ఎఫ్‌పీటీ ఫైల్‌లో ఉంటాయి. పంపినవాళ్లను అడిగి తెప్పించుకుని, రెండూ ఒకే ఫోల్డర్‌లో, ఒకే పేరుతో పెట్టి లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రామ్‌లో మళ్లీ తెరవండి.