సమాధానం: అక్షరదోషాలకు వెక్కిరిస్తున్నారని బాబు మెసేజ్‌లు మానేశాడు

అక్కా, ఎనిమిదో తరగతి చదివే మీ బాబుకు డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) ఉందని డాక్టర్ చెప్పారని, కాలనీ క్రికెట్ వాట్సాప్ గ్రూపులో ‘తెలుగు కూడా రాదా’ అని ఏడిపిస్తున్నారని రాశారు. ‘ఆరింటికి’ అనబోయి ‘అరింటికి’ అని పెట్టాడు, అంతేగా? మ్యాచ్‌కి అందరూ ఆరింటికే వచ్చారు కదా!

పంపేముందు ప్రతి మెసేజ్ మీరు దిద్దకండి, వాడికి ఇంకా టెన్షన్. డిస్లెక్సియాలో శబ్దానికి అక్షరాన్ని జత చేసుకోవడంలోనే చిక్కు. బద్ధకమూ కాదు, తెలివి తక్కువా కాదు. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే పోయేది అసలే కాదు. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది. లేదా వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

అడ్మిన్‌కి విడిగా చెప్పండి: ‘అర్థం కాకపోతే అడగండి, తప్పులు మాత్రం అందరి ముందూ ఎత్తిచూపొద్దు.’ డిస్లెక్సియా సంగతి చెప్పాలా వద్దా అన్నది బాబు ఇష్టం. వాడిని అడక్కుండా మీరు బయటపెట్టొద్దు. నన్నడిగితే, చెప్పకపోయినా ఆ మర్యాద దక్కాలి.

డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే ఆలస్యం చేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. సీబీఎస్ఈ అయితే మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తారు. స్టేట్ సిలబస్ అయితే ఏమేం మినహాయింపులున్నాయో హెడ్మాస్టర్‌ని ఇప్పుడే అడగండి, పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేదాకా ఆగొద్దు.