ఓసీ (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) బందయితే మా నాలుగెకరాలు మాకొస్తాయా?

మంచిర్యాల జిల్లా నుంచి ఒకరు రాశారు, "మా ఊరి పక్క ఓసీ రెండు మూడేండ్లల్ల బందయితదంటున్నరు, మా నాయన ఇచ్చిన నాలుగెకరాలు మళ్ల మాకొస్తయా, ఆ గొయ్యి, మట్టిగుట్టలు గట్లనే ఇడిసిపెట్టి పోతరా?" అని.

ముందు చేదు మాట చెప్పేస్తా. పరిహారం తీసుకుని భూమి అప్పగించాక దాని మీద మన హక్కు పోయినట్టే, గని మూతపడిందని తిరిగి రాదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 101 చూపించి కొందరు ఆశ పెడతారు కానీ అది అయిదేళ్లు వాడకుండా పడున్న భూమి సంగతి, తవ్వేసిన భూమికి పనికిరాదు. దానికోసం కోర్టుల చుట్టూ తిరిగి డబ్బులు పోగొట్టుకోకండి.

మీ రెండో ప్రశ్నలోనే బలముంది. బొగ్గు గనికి క్లోజర్ ప్లాన్, అంటే గని మూసేటప్పుడు ఆ నేలని ఎలా బాగుచెయ్యాలో రాసిన ప్రణాళిక, ఉండాలి, 2009 గైడ్‌లైన్స్ నుంచి దానికోసం కంపెనీ ఏటా ఎస్క్రో ఖాతాలో, అంటే కంపెనీ తన ఇష్టానికి తియ్యలేని ఖాతాలో, డబ్బు వెయ్యాలి, అప్పట్లో ఓపెన్‌కాస్ట్‌కి హెక్టారుకి 6 లక్షల లెక్క, తర్వాత పెంచారు. కేంద్ర బొగ్గు శాఖ కింద ఉండే కోల్ కంట్రోలర్ ఒప్పుకోకుండా ఆ డబ్బు కదలదు. అయితే గని నడుస్తుండగానే చేసిన పని చూపించి అందులోంచి వెనక్కి తీసుకోవచ్చు, అందుకే మూసే రోజు దాకా ఆగొద్దంటున్నా. నేనొక ఊళ్లో చూశా, కాగితం మీద మొక్కలు నాటిన డంపు (గని మట్టిగుట్ట), ఎక్కి చూస్తే వాన కోసిన పాయలే, కింద వరి మడిలో మడమ లోతు బురద. ఆ రైతు ముఖం ఇంకా గుర్తుంది నాకు.

కాబట్టి ఇప్పుడే 10 రూపాయలతో ఆర్టీఐ పెట్టండి, కోల్ కంట్రోలర్ ఆఫీసుకి, కంపెనీ ప్రభుత్వానిదైతే దానికి కూడా. ఆమోదించిన క్లోజర్ ప్లాన్, ఎస్క్రోలో ఎంతుంది ఎంత తీశారు, పర్యావరణ అనుమతి షరతుల మీద ఆరు నెలలకోసారి ఇచ్చే రిపోర్టులు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు గ్రామసభ పెట్టి గొయ్యి చెరువు కావాలా, నీళ్లు టెస్ట్ చేయించాలా, గుట్ట వాలు తగ్గించి ఏ చెట్లు పెట్టాలి అని తీర్మానం రాసి కలెక్టర్‌కి ఇవ్వండి, ఎందుకంటే గని రాయల్టీ మీద వచ్చే జిల్లా ఖనిజ నిధి, అదే డీఎంఎఫ్‌టీ, ఆయన చేతిలోనే ఉంటది, తాగునీళ్లు, వైద్యం, పిల్లల స్కిల్ ట్రైనింగ్‌కి అందులోంచి అడగొచ్చు.

బురద వల్ల పంట పోయుంటే అది వేరే కేసు, ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చట్టం సెక్షన్ 15 కింద పరిహారం అడగొచ్చు, నష్టం మొదలైనప్పటి నుంచి అయిదేళ్లే గడువు, చెన్నై బెంచ్‌లో వెయ్యాలి. ఫోటోలు తేదీతో తీసి పెట్టుకోండి, ఈ వానాకాలం వదలొద్దు.