యూరియా తగ్గిస్తే వరి దిగుబడి పడిపోదా? మా నాలుగు ఎకరాల అనుభవం

వరిలో యూరియా తగ్గిస్తే దిగుబడి దెబ్బతింటుందా, పొలం నుంచి పోయే నత్రజని వల్ల నిజంగా అంత హాని ఉందా అని మీరు అడిగారు. కైకలూరు వైపు మాకు నాలుగు ఎకరాల మాగాణి ఉంది. ఏళ్లుగా స్వర్ణ రకం పండిస్తున్నాను కనుక నా అనుభవంలోంచే చెబుతాను.

మొదట్లో నేను ఎకరాకు మూడు బస్తాల యూరియా చల్లేవాడిని. 45 కిలోల బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలు. అందులో వరి పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతమే. నిలిచిన నీటి మీద చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా మారి భూగర్భ జలాల్లోకి, మురుగు కాల్వల్లోకి చేరుతుంది. ఆరుతూ తడుస్తూ ఉండే నేలలో మరికొంత నైట్రస్ ఆక్సైడుగా పోతుంది. భూమిని వేడెక్కించడంలో ఈ వాయువు కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 270 రెట్లు శక్తిమంతమైనది. మా మురుగు కాల్వ చివరికి కొల్లేటిలోనే కలుస్తుంది. కాల్వ పొడవునా గుర్రపు డెక్క దట్టంగా పరుచుకుని నీరు కదలని పరిస్థితి. చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు కూడా దీనికి కారణాలే అయినా, నా చేలో నుంచి పోయిన ఎరువు కూడా అక్కడికే చేరుతోందన్న మాట వాస్తవం.

నేను మారింది మాత్రం ఒక ఏడాది వరి మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ వచ్చినప్పుడు. ముదురు పచ్చగా, గుబురుగా ఉన్న చేను చూసి ఎంతో సంతోషించాను. వెన్ను తీసిన కొద్ది రోజులకే చేను నడిమధ్యన గుండ్రంగా ఎండుతూ వచ్చింది. దుబ్బు విడదీసి చూస్తే మొదళ్ల నిండా దోమే. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి దోమకూ, పొడ తెగులుకూ అనువవుతుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నా, అప్పటిదాకా నేను చెవిన పెట్టలేదు.

ఆ తర్వాత ఆకు రంగుల పట్టిక, అంటే లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగు పట్టీలున్న కార్డు, వాడడం మొదలుపెట్టాను. వారం పది రోజులకోసారి ఉదయం పూట, ఎండ పడకుండా నా నీడలో పట్టిక పెట్టుకుని, పది దుబ్బుల్లో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకు రంగును పోల్చి చూస్తాను. ఆరు ఆకులైనా పట్టికలో చెప్పిన రంగు కంటే లేతగా ఉంటేనే యూరియా వేస్తాను. వేసే ముందు నీరు తీసేసి బురద పదనులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెడతాను. వీలైనప్పుడు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి చల్లుతాను. ఇప్పుడు ఎకరాకు రెండు బస్తాలు సరిపోతున్నాయి. గింజల దిగుబడిలో తేడా కనిపించలేదు, పురుగుమందు ఖర్చు మాత్రం బాగా తగ్గింది.

నీరు ముందుగా దొరికిన ఏడాది నాట్లకు ముందే పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నుతాను. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుములు చల్లడం మా డెల్టాలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని వాడుకునే ఆ పంటకు యూరియా అవసరం పెద్దగా ఉండదు. తినేవారు కూడా అపరాలకు మంచి ధర ఇస్తే ఈ పద్ధతి నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

ఒక ఇబ్బంది దాచకూడదు. కౌలు రైతుకు నాట్ల ముందు వరకూ చేను చేతికి రాదు కనుక జీలుగ వేసే అవకాశం తక్కువ. పైగా రాయితీ మీద బస్తా 270 రూపాయల లోపే దొరుకుతుంటే, తగ్గించి వాడడానికి తొందర ఎవరికీ ఉండదు. అందుకే మీరు ముందుగా అర ఎకరం మడి ఒకటి విడిగా తీసుకుని, పట్టిక ప్రకారం ఎరువు వేసి, నూర్పిడి రోజున ఆ మడి ధాన్యాన్ని వేరుగా తూకం వేయించండి. ఆ తూకం చూశాక మిగతా చేను సంగతి మీరే నిర్ణయించుకోవచ్చు.