ముందు ఉత్తరం ఎటో చూసుకో, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు ఆర్మీ కోసం జీపులో పట్టే వెదర్ రాడార్ చేసే పనిలో చేరావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సత్యనారాయణపురంలో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రాడార్ బరువు తగ్గాలంటే ఎక్స్ బ్యాండే, అంటే పొట్టి రేడియో తరంగాలే గతి. మచిలీపట్నం రాడార్‌ది ఎస్ బ్యాండ్, తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. మీది 3. డిష్ చిన్నదవుతుంది గానీ, జోరువాన ఎదురైతే సిగ్నల్‌ను అదే మింగేస్తుంది. వెనక ఇంకో వాన ఉన్నా తెర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని నమ్మకు. కనెక్టర్లలోకి నీళ్లు పోనివ్వకు. డిష్ పనిచేస్తుంటే ఎదురుగా నిలబడకు.

ఇవి ఎవరైనా చెబుతారు. నా బాధ వేరు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు బాపట్ల వైపు లారీ మీద రాడార్ తీసుకెళ్లాం. రాడార్‌కు ఉత్తర దిక్కు సరిచూసే పని నాది. దిక్సూచి పట్టుకుని లారీ పక్కనే నిలబడి చూశాను. ఇనుము దగ్గర ముల్లు పక్కకు పోతుందని బడిపిల్లాడికీ తెలుసు. మాడే ఎండ, ఆకలి, తొందర! 7 డిగ్రీలు తేడా కొట్టింది. 60 కిలోమీటర్ల దూరంలో అది 7 కిలోమీటర్ల పైమాటే. సరిగ్గా అంత దూరంలో వాగు ఒడ్డున జవాన్ల గుడారాలు. వాన మీ పక్కనుంచి పోతుందని వైర్‌లెస్‌లో ధీమాగా చెప్పాను. వాగు పొంగి గుడారాలు, రేషన్ కొట్టుకుపోయాయి. ప్రాణాలు దక్కాయి. రెండ్రోజుల తర్వాత వాళ్ల సుబేదార్ వచ్చి, "సార్, మీ మ్యాపులో పక్కకెళ్లిన వాన మా పప్పులో పడింది" అని నవ్వాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి ముద్ద దిగలేదు. మీ నానమ్మ పుట్టిల్లు దివిసీమ కదా, 1977 నవంబరు 19 ఉప్పెనలో మా చిన్న మేనమామ పోయాడు. ఏడు కిలోమీటర్లంటే నాకు అంకె కాదమ్మా.

అందుకే చెబుతున్నా. జీపు కదిలిన ప్రతిసారీ ట్రాన్స్‌మిటర్ ఆపి, డిష్‌ను సూర్యుడి మీదికి తిప్పు. సూర్యుడి నుంచీ రేడియో రొద వస్తుంది; రిసీవర్‌లో అది ఎక్కడ ఎక్కువుందో చూసి, ఆ వేళకు సూర్యుడు ఉండాల్సిన దిక్కుతో పోల్చు. బెజవాడ పిల్లవి, ఎండకు భయపడతావా! రెండు జీపీఎస్ యాంటెనాలతో ఉత్తరం చెప్పే పరికరాలు వచ్చాయిగా అంటావు. పెట్టు. యుద్ధంలో జీపీఎస్‌ను జామ్ చేస్తారు, సూర్యుణ్ని చేయలేరు. జీపు ఒక్క డిగ్రీ ఒరిగినా 60 కిలోమీటర్ల దగ్గర ఎత్తు లెక్క కిలోమీటరు తప్పుతుంది, అదీ చూసుకో.

ఉరుము వినిపిస్తే పని ఆపి, ఇనప టాపున్న జీపైతేనే లోపలికి వెళ్లి తలుపులేసుకో. మైదానంలో అన్నిటికంటే ఎత్తైనది డిష్‌ను నిలబెట్టే నీ మాస్టే. ట్రయల్స్‌కు సరిహద్దు దాకా వెళ్తావా? మీ పెద్దమ్మ అడగమంది, నేను కాదు.

ఆ ఒరుగు చూసుకోడానికి మీ నాన్నతో నా రసమట్టం పంపుతున్నాను. ఆవకాయ జాడీ పక్కనే సర్దింది మీ పెద్దమ్మ. నూనె అంటితే తుడుచుకో.

మీ పెదనాన్న