డౌన్‌లోడ్ నడుస్తుంటే సినిమా ఆగిపోవడం: నెట్ కాదు, డిస్క్ చూడండి

ఇంట్లో వైఫై కాకుండా నెట్‌వర్క్ కేబుల్ మీదే చూస్తున్నా పెద్ద టోరెంట్ డౌన్‌లోడ్ మొదలవగానే జెల్లీఫిన్‌లో (ఇంటి సర్వర్‌లో దాచుకున్న సినిమాలు చూపించే సాఫ్ట్‌వేర్) సినిమా బఫర్ అవుతోంది, సీపీయూ మాత్రం ఖాళీగానే ఉంది అంటే అనుమానం ముందు హార్డ్ డిస్క్ మీదే అండి. రాసేదీ చదివేదీ ఒకే డిస్క్ అయితే దాని హెడ్ (డేటా చదివి రాసే చెయ్యి) అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది, పైగా టోరెంట్ ముక్కలు వరసలో రావు, ఎక్కడ పడితే అక్కడ రాయాలి.

డౌన్‌లోడ్ నడుస్తుండగా సర్వర్‌లో టాప్ (top) అనే లినక్స్ కమాండ్ కొట్టి పైన డబ్ల్యూఏ (wa, డిస్క్ కోసం సీపీయూ ఎదురుచూస్తున్న సమయం శాతం) అంకె చూడండి, మామూలప్పుడు సున్నా దగ్గరుండేది అప్పుడు 30, 40 అలా ఎగబాకిందంటే దొరికినట్టే.

చిన్నదైనా సరే ఒక ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టండి, టోరెంట్లు దించే క్యూబిట్‌టోరెంట్ సెట్టింగ్స్‌లో పూర్తవని ఫైళ్లకి వేరే ఫోల్డర్ ఇచ్చే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆ ఎస్ఎస్‌డీకి చూపించండి, మొత్తం దిగాక క్యూబిట్‌టోరెంటే పెద్ద డిస్క్‌లోకి జరిపేస్తుంది, అప్పుడు రాత వరసగా పోతుంది కాబట్టి డిస్క్‌కి అంత ఇబ్బంది ఉండదు (ఆ కాపీ జరిగే కాసేపు కొంచెం తడబడొచ్చు లెండి). జిప్, రార్ విప్పే పని ఉంటే అదీ ఎస్ఎస్‌డీ మీదే కానివ్వండి, నిజానికి డౌన్‌లోడ్ కన్నా అదే ఎక్కువ చంపుతుంది.

ఎస్ఎస్‌డీ కుదరకపోతే సినిమా టైంకి స్పీడ్ లిమిట్ షెడ్యూల్ పెట్టుకోండి. ఐఓనైస్ (ఏ ప్రోగ్రామ్‌కి డిస్క్ ముందు దక్కాలో చెప్పే లినక్స్ కమాండ్) వాడమని చెప్తుంటారు గానీ డిస్క్ షెడ్యూలర్ (డిస్క్ పనుల వరస తేల్చే సెట్టింగ్) నన్ (none) అని ఉంటే దాన్ని పట్టించుకునే నాథుడే ఉండడు, దాన్ని బీఎఫ్‌క్యూ (BFQ) అనే షెడ్యూలర్‌కి మార్చాకే ట్రై చేయండి.